బజ్జీ ఎత్తుకుపోతే కాల్చేయాలట!

ఇప్పుడే స్కాట్లండ్‌లోని మా అబర్డీన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి ఎగ్జిట్ అయ్యాను. నిన్న బీచ్ పిక్నిక్‌లో మా తెలుగు సంఘం ప్రెసిడెంటు గారి చేతిలోని మిరపకాయ బజ్జీని సీగల్ అనే సముద్రపు పక్షి తన్నుకుపోయింది. జరిగింది అంతే. పొద్దున లేచేసరికి గ్రూపులో తీర్పు రెడీ: "ఇవి మరీ ఎక్కువైపోయాయి, గవర్నమెంట్ కాల్చిపారేయాలి." కింద వరసగా దండాలు, చప్పట్లు.

ఎక్కువైపోయాయా? మహానుభావా, మీ బజ్జీ తిన్న ఆ రకం సీగల్, అంటే హెర్రింగ్ గల్, 2009 నుంచీ బ్రిటన్ రెడ్ లిస్టులో, అంటే ప్రమాదంలో పడ్డ పక్షుల జాబితాలో ఉంది. సముద్రపు కొండచరియల మీద దాని కాలనీలు దశాబ్దాలుగా పలచబడుతూ వస్తున్నాయి. ఊళ్ళో పైకప్పుల మీద గూళ్ళు పెరిగిన మాట నిజమే. అక్కడికి నక్క ఎక్కలేదు, కింద వీధి నిండా చిప్స్. అంతమాత్రాన మీ మేడ మీద అరిచేవాటిని చూసి దేశం మొత్తానికి జనాభా లెక్కలు తేల్చేస్తారా?

అసలు వాటిని మేపింది ఎవరు? 1956లో పొగని అరికట్టే క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చాక డంపుల్లో చెత్త తగలబెట్టడం తగ్గింది, కుళ్ళిన తిండి గుట్టలుగా పేరుకుంది, అవి తెగ పెరిగాయి. పెరిగాయని 1970ల్లో స్కాట్లండ్ దగ్గరి ఐల్ ఆఫ్ మే దీవిలో వేలకొద్దీ చంపారు. తర్వాత డంపులూ తగ్గాయి, పడవల వాళ్ళు సముద్రంలో పారేసే చేపలూ తగ్గాయి. ఇప్పుడు మన ప్లేట్లో ముక్కు పెట్టేసరికి దొంగలైపోయాయి!

2015లో కార్న్‌వాల్‌లో ఓ పెంపుడు తాబేలును సీగల్స్ చంపితే సాక్షాత్తు అప్పటి బ్రిటన్ ప్రధాని కామెరాన్ దీని మీద పెద్ద చర్చ జరగాలన్నాడు. కిట్టీవేక్‌లు అనే ఇంకో రకం గల్స్ తమ పిల్లలకి పెట్టే సాండీల్ అనే చిన్న చేపల్ని ఏళ్ళ తరబడి ఫిష్‌మీల్ (చేపల పొడి) కోసం ఊడ్చుకుపోతుంటే ఎవరికీ అంత తొందర లేదు. 2024లో బ్రిటన్ ఆ వేట ఆపిందో లేదో, యూరోపియన్ యూనియన్ పంచాయితీ పెట్టింది. అదే ఏడాది ఇంకో రెండు రకాల గల్స్ రెడ్ లిస్టులోకి చేరాయి. ఇవేవీ మా గ్రూపులో ఫార్వర్డ్ కావు. పసుపు నీళ్ళతో షుగర్ పోతుందన్నది మాత్రం రోజూ వస్తుంది.

ఇంకోటి. కళ్ళలోకి సూటిగా చూస్తే సీగల్ తిండి దగ్గరికి రావడానికి జంకుతుందని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో తేల్చారు. ప్రెసిడెంటు గారు ఆ టైములో సెల్ఫీ కెమెరాలోకి చూస్తున్నారు మరి.

పిక్నిక్ అంటే గుర్తొచ్చింది. పోయినేడాది ఇదే బీచ్‌లో పులిహోర ప్లేట్లు ఎక్కడివక్కడ వదిలేసి, గ్రూప్ ఫోటో దిగి అందరూ కార్లెక్కారు. గాలికి ఎగిరే ప్లేట్ల వెంట పరుగెత్తింది నేనూ, మా వదినా. సీగల్స్ మూగింది ఆ పులిహోర మీదే. చెత్త సంచులు తెమ్మని ముందే మెసేజ్ పెట్టాను, బ్లూ టిక్కులే తప్ప జవాబు లేదు. ఆ తర్వాత దసరా సభలో పర్యావరణ పరిరక్షణ మీద ప్రెసిడెంటు గారు ఉపన్యాసం దంచితే, కమిటీ ఆయనకి శాలువా కప్పింది. ఆ శాలువా మన చందాలతో కొన్నదే. ఖర్చుల లెక్క చూపించండి అన్నయ్యగారూ అని మర్యాదగానే అడిగాను. "నెగెటివిటీ వద్దమ్మా" అన్నారు.