ట్రాన్స్‌మిషన్ ఫిల్టర్ ముట్టుకుంటే గేర్‌బాక్సు పోతుందా?

నెల్లూరు, ఒంగోలు వైపు పికప్ యజమానుల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది: ‘ఆటోమేటిక్ బండిలో గేర్ ఆయిలు, ఫిల్టరు జీవితకాలం పనిచేస్తాయి. మారిస్తే గేర్‌బాక్సు పోతుంది. పాత ఆయిల్లోని పొడే క్లచ్‌లను పట్టి ఉంచుతుంది.’ ఈ మూడు మాటలూ తప్పే.

జీవితకాలం అనడమే మొదటి తప్పు. ఆ ఆయిలు గేరు పళ్లకు కందెన మాత్రమే కాదు. ఒత్తిడితో క్లచ్‌లను బిగించేదీ, వేడిని కూలర్‌కు మోసుకుపోయేదీ అదే. వేడి పెరిగేకొద్దీ త్వరగా చెడుతుంది. మే నెల ఎండలో రొయ్యల మేత బస్తాలు వేసుకుని విడవలూరు గుంటల గట్ల మీద పాకే హైలక్స్ పికప్‌కూ, హైవే మీద ఖాళీగా పోయే హైలక్స్‌కూ ఒకే గడువు ఎలా సరిపోతుంది? బరువు, దుమ్ము ఎక్కువైతే గడువు తగ్గించమని చాలా కంపెనీల మాన్యువల్‌లోనే ఉంటుంది. చీమకుర్తి క్వారీల దారిలో తిరిగేవారు ఆ పేజీ తప్పక చదవాలి.

మారిస్తే పోతుందన్న భయం ఎక్కడిదో తెలుసు. చాలామంది గేరు జారడం మొదలయ్యాకే షెడ్డుకు వస్తారు. అప్పటికే క్లచ్ ప్లేట్ల పొర అరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత బండి ఆగితే నింద కొత్త ఆయిలు మీద పడుతుంది. ఇక అరిగి రాలిన ఆ పొడి సంగతి: అది దేన్నీ పట్టి ఉంచదు. ఫిల్టర్‌ను పూడుస్తుంది, వాల్వులను సన్నని దారుల్లో ఇరికిస్తుంది, ఒత్తిడి పడిపోయేలా చేస్తుంది. గేర్‌బాక్సు అడుగున ఆయిలు నిలిచే పళ్లెం, అంటే పాన్, దించినప్పుడు అడుగునున్న అయస్కాంతాన్ని వేలితో తుడిచి చూడండి. మెత్తని బూడిదరంగు ముద్ద అంటితే మామూలు అరుగుదల. గోటికి గుచ్చుకునే రవ్వలు, పెచ్చులు కనిపిస్తే మాత్రం లోపల ఏదో విరుగుతోంది. అప్పుడు కొత్త ఫిల్టర్‌తో సరిపెట్టుకోకూడదు.

చేతకాని పని వల్ల పాడైన గేర్‌బాక్సులు ఉన్న మాట నిజం. పాత ఫిల్టర్ రబ్బరు రింగు పైనే అతుక్కుని ఉండగా కొత్తది తోస్తే పంపు గాలి పీలుస్తుంది. పాన్ బోల్టులను బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం మరలు చెడతాయి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు కాక మరో ఆయిలు పోయడం ఇంకో తప్పు. ఆయిలు మట్టం చూడటంలోనే ఎక్కువ మంది పొరబడతారు. బండి సమతలంగా నిలిపి, కంపెనీ చెప్పిన వేడికి ఆయిలు చేరాకే చూడాలి. ఎక్కువైతే నురగ కడుతుంది, తక్కువైతే పంపుకు అందదు. పాన్ దించితే పాత ఆయిలంతా రాదు. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో చాలా మిగులుతుంది. కారిన దాన్ని కొలిచి, అంతే పోసి, తర్వాత మట్టం సరిచూడాలి.

సందేశం చెప్పని సంగతి ఒకటుంది. మన రోడ్ల మీది పికప్‌లలో ఎక్కువ భాగం చేత్తో గేరు మార్చే మాన్యువల్ బళ్లు. వాటి గేర్‌బాక్సుల్లో సాధారణంగా ఇలా మార్చే ఫిల్టరే ఉండదు, ఆయిలు మారిస్తే చాలు. అలాంటి బండికి ఫిల్టర్ పేరుతో బిల్లు వేస్తే, పాత ఫిల్టర్ చూపించమని అడగండి.