శాతాల బొమ్మ చూసి వంశచరిత్ర అనకండి

పొద్దున్నే మా బాబాయి కొడుకు ఫ్యామిలీ గ్రూపులో తన డీఎన్ఏ టెస్ట్ రిజల్ట్ పెట్టాడు. రంగురంగుల గుండ్రటి బొమ్మ, పక్కన ఏ ప్రాంతపు మూలాలు ఎంతెంత అని శాతాలు, కింద "అక్కా, ఇక వంశవృక్షం రాసుకునే నీ నోటుపుస్తకాలు అటకెక్కించెయ్, మన చరిత్ర మొత్తం వచ్చేసింది" అని. అందరూ లైకులు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఏం వచ్చిందిరా మొత్తం? అందులో ముత్తాత పేరుందా? ఆ శాతాలు కంపెనీ తన దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసే అంచనా, నమూనాలు పెరిగినా లెక్క మారినా మళ్లీ ఉమ్మి ఇవ్వకుండానే నీ శాతాలు మారిపోతాయి. ఒకే తల్లిదండ్రులకి పుట్టిన ఇద్దరికే అవి అచ్చంగా కలవవు.

టెస్ట్ దండగ అనట్లేదు, దాని అసలు విలువ టెస్ట్ చేయించుకున్నవాళ్లలో మనతో డీఎన్ఏ కలిసినవాళ్లని చూపించే, మీరెవరూ తెరిచి చూడని మ్యాచ్‌ల జాబితాలో ఉంది అంటున్నాను. అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున 12.5 శాతం డీఎన్ఏ కలుస్తుంది, వాళ్ల పిల్లల మధ్య 3 శాతం పైచిలుకు. కానీ 25 శాతం కలిసిన మనిషి తాతా, మేనమామా, సవతి తమ్ముడా అన్నది ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. పేర్లు, వయసులు తెలిసినవాళ్లు చెప్పాలి.

2012లో లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద దొరికిన ఎముకలు ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్‌వేనని ఎలా తేలింది? ఆయన అక్క సంతతిని తల్లుల వరసలో కాగితాల మీద ఇవాళ్టి దాకా దింపుకొచ్చారు కాబట్టి, తల్లి నుంచే పిల్లలకి వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్ఏని ఎవరితో పోల్చాలో తెలిసింది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ మాత్రం తండ్రుల వరసలో దిగొచ్చినవాళ్లతో కలవలేదు, అంటే కాగితం చెప్పిన తండ్రుల్లో ఎక్కడో ఒకరు తండ్రి కాదు. కాగితం లేకపోతే డీఎన్ఏ మూగది, డీఎన్ఏ లేకపోతే ఆ కాగితం తప్పని తెలిసేదే కాదు.

ఇంకో సంగతి, టెస్ట్ చేయించాల్సింది ముందు పెద్దవాళ్లకి, వాళ్లు ఒప్పుకుంటే. బిడ్డకి వచ్చేది సగమే. పెద్దవాళ్లు ఒక తరం వెనక ఉంటారు కాబట్టి దూరపు చుట్టాలు కూడా వాళ్ల జాబితాలో దొరుకుతారు.

పెద్దవాళ్లంటే గుర్తొచ్చింది. తాత ఉన్న పాత గ్రూప్ ఫొటో ఒకటుంది కదా, ఆయన భుజం మీద చెయ్యేసి ఒక పిల్లాడు, చొక్కాకి పైబొత్తాం ఊడిపోయి ఉంటుంది, ఫొటో వెనక ఒక్క అక్షరం లేదు. ఎవరీ అబ్బాయి అని పెద్దనాన్నని ఎంత బతిమాలినా "పోయినవాళ్ల గొడవ ఇప్పుడెందుకు" అన్నారు. ఆయనా పోయారు. మొన్న నా మ్యాచ్‌ల్లో ముత్తాత దగ్గర కలిసేంత దూరంలో ఒకావిడ వచ్చింది. మీ తాతకి చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లిన తమ్ముడున్నాడా అని మెసేజ్ పెట్టింది. ఆవిడకి నేనేం రాయాలి? చెప్పగలిగిన ఒక్క మనిషీ ఆరోజు విసుక్కుని ఆల్బమ్ మూసేశారు, చుట్టూ కూర్చున్న మీరందరూ పెద్దాయన్ని ఎందుకు విసిగిస్తావని నన్నే తిట్టారు.