తలంబ్రాల్లో నువ్వులు

గీత రెండంగుళాలు కూడా లేదు. 17 అంగుళాల పాత ఎల్‌సీడీ మానిటర్‌కి స్టీలు గ్లాసు అంచు తగిలి పడింది, అంతే. దాని మానాన దాన్ని వదిలేస్తే ఇది రాసే పనే ఉండేది కాదు. కానీ టూత్‌పేస్టుతో రుద్దితే మాయమైపోతుందని ఏ వీడియో చూసినా ఎవడో ఒకడు నవ్వుతూ చెబుతుంటాడు. ఈ పాత మానిటర్ పైపొర ప్లాస్టిక్ పోలరైజర్ ఫిల్ము, అంటే ఒక్క దిశలో ఊగే వెలుగునే పోనిచ్చే పొర. దాని మీద కంటికి ఆనని గరుకు ఉంటుంది, ట్యూబులైటు వెలుగు చెదిరిపోయేది ఆ గరుకు వల్లే. పేస్టులోని సుద్దపొడి ముందు దాన్నే అరగదీస్తుంది. గీత అలాగే ఉంది, దాని చుట్టూ అప్పడమంత మేర నున్నగా తేలి, అందులో సీలింగ్ ఫ్యాను తిరగడం చక్కగా కనబడసాగింది.

ఇక పొర మార్చడం ఒక్కటే దారి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొట్టువాడు "పదిహేడా?" అని ఒక్క ముక్క అడిగి, జిగురున్న ఫిల్ము కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు.

పాతది ఊడదీయడం ఓపికుంటే కష్టమేం కాదు. కరెంటు తీసేసి, చట్రం విప్పి, మూలన బ్లేడు పడుకోబెట్టి కొస లేపాలి. పైకి గుంజకూడదు, వెనక్కి మడిచి నిదానంగా లాగాలి. మిగిలిన జిగురు మీద తడిగుడ్డ పరిచి అరగంట నాననిచ్చి, పాత ఏటీఎం కార్డుతో గీకాలి. నీళ్ళు అంచుల్లోకి దిగితే అక్కడున్న సన్న కేబుళ్ళు పోతాయి, మానిటరూ పోతుంది. ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, అందులోని అసిటోన్ చుక్క పడితే చట్రం కరిగి మచ్చ పడుతుంది. దుమ్ము లేవకుండా బాత్రూం నేల తడిపి, అక్కడే కొత్తది అంటించాను. ఒక్క బుడగ లేదు.

అప్పటికే హాల్లో వెస్ట్ మాంబళం అత్తయ్య కాఫీ తాగేసి, మనవరాలి పెళ్ళి ఫోటోల పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చుంది. "ఒరేయ్, అయిందా?" అని మూడుసార్లు అడిగింది. ఆ తొందరలో చేయని పని ఒక్కటే.

మొదటి ఫోటో తెరుచుకుంది. పెళ్ళికొడుకు తెల్ల పంచె కారునలుపు, అయ్యప్ప మాల వేసుకుని పీటల మీద కూర్చున్నట్టున్నాడు. జుట్టు ముగ్గుబుట్ట, పళ్ళు బొగ్గు. పిల్ల పసుపుచీర ముదురు నీలం, నుదుట కుంకుమ నెమలికంఠం రంగు. పురోహితుడి విభూతి రేఖలు కాటుకతో గీసినట్టున్నాయి. అన్నిటినీ మించి, దోసిళ్ళలోంచి తలంబ్రాలు... అత్తయ్య కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"పెళ్ళిలో నల్లనువ్వులేమిట్రా?"

"నువ్వులు కాదత్తయ్యా, కోణం."

"కోణమేమిటి! తద్దినానికి వాడతారు నువ్వులు!"

ఎలా చెప్పేది? ఈ రకం మానిటర్లో వెలుగు రెండు పోలరైజర్ల గుండా వస్తుంది, మధ్యలో ద్రవ స్ఫటికాలు దాన్ని 90 డిగ్రీలు మెలితిప్పుతాయి. ముందు ఫిల్ము 45 డిగ్రీల వాలులో ఉండాలి, కుడికా ఎడమకా అన్నది ప్యానెల్‌ని బట్టి. అటుది ఇటైతే రావలసిన వెలుగు ఆగిపోతుంది, ఆగాల్సింది వచ్చేస్తుంది. ఇదంతా చెబుతూ ఫిల్ము ఊడబెరికి తలకిందులుగా అంటించాను, ఆవిడ ఎదుటే. మళ్ళీ నువ్వులే. ఏటవాలు గీతను 180 డిగ్రీలు తిప్పితే అదే గీత కదా! 90 తిప్పితే కోణం సరిపోతుంది, ఫిల్ము సరిపోదు. తెర వెడల్పు సుమారు 33.8 సెంటీమీటర్లు, ఎత్తు 27. అటూ ఇటూ మూడున్నర సెంటీమీటర్ల చొప్పున బొమ్మ లేని తెల్లపట్టీ మిగులుతుంది. బోర్లా తిప్పితేనూ కోణం కుదురుతుంది, కానీ జిగురు మన మొహానికి వస్తుంది.

చేయాల్సిన పనల్లా పాత పొర మీద కొత్తది అదే వరసలో ఆనించి ట్యూబులైటుకేసి చూడడం. వెలుగు కనబడితే సరే, చీకటైతే వేరేది తెచ్చుకోవాలి. ఆ పాత పొర పొద్దున్నే చెత్తబండి ఎక్కి వెళ్ళిపోయింది.

ఆఖరికి విండోస్ కీ, ప్లస్ నొక్కి మాగ్నిఫయర్ తెరిచి, కంట్రోల్, ఆల్ట్, ఐ కలిపి నొక్కితే రంగులు తారుమారై పంచె తెల్లబడింది. నలుపు మాత్రం బూడిదరంగులోనే ఉంది. అత్తయ్య నమ్మలేదు. "ఇందాకటివి దాచేసి వేరేవి చూపిస్తున్నావు" అని పెన్‌డ్రైవ్ లాక్కుని, వియ్యపురాలికి ఫోన్ కలిపింది.

ఇవాళ మళ్ళీ రిచీ స్ట్రీట్. అదే కొట్టు. రెండు రకాల కోణాలుంటాయని నిన్న ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదయ్యా అన్నాను. వాడు రెండో రకం ఫిల్ము తీసి, మళ్ళీ పూర్తి డబ్బులు లెక్కపెట్టుకుంటూ అన్నాడు:

"నీంగ కేక్కలయే, సార్." (మీరడగలేదుగా, సార్.)