తాజ్‌మహల్ కన్నా పెద్ద తీర్పు

ఎం.సి. మెహతా అనగానే అందరికీ తాజ్‌మహల్ కేసు గుర్తొస్తుంది. పొగ ఆ పాలరాయిని తినేస్తోందని 1984లో ఈ లాయర్ సుప్రీంకోర్టుకెక్కారు. 1996 డిసెంబరులో తీర్పొచ్చింది: చుట్టుపక్కల 292 పరిశ్రమలు సహజ వాయువుకు మారాలి, లేదంటే అక్కణ్నుంచి వెళ్లిపోవాలి. గొప్ప విజయమే. అయినా మెహతా దేశానికి చేసిన అసలు మేలు అంతకు పదేళ్ల ముందుదని నేను నమ్ముతాను.

1985 డిసెంబరు 4న ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం (గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్ల రూపం) వాయువు లీకైంది. భోపాల్ ఘోరం జరిగి అప్పటికి ఏడాది. ఆ ఫ్యాక్టరీని ఇళ్ల మధ్య నుంచి తరలించాలంటూ మెహతా వేసిన పిటిషన్ లీకేజీ నాటికే కోర్టులో ఉంది! అంతవరకు మన కోర్టులు ఆధారపడింది 19వ శతాబ్దపు ఇంగ్లండ్ సూత్రం మీద: ప్రమాదకరమైనదాన్ని తన స్థలంలో ఉంచుకున్నవాళ్లే అది బయటపడి చేసే నష్టానికి బాధ్యులు. ప్రకృతి వైపరీత్యమనో, బయటివాళ్ల పనో చెప్పి కంపెనీ తప్పించుకోవడానికి అందులో దారులున్నాయి. 1986 డిసెంబరులో సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి ధర్మాసనం వాటన్నిటినీ మూసేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాళ్లదే సంపూర్ణ బాధ్యత, ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా సరే. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ. తప్పు రుజువు కాకున్నా పరిహారం కట్టాలన్న ఆలోచన పర్యావరణ కేసులు వినే హరిత ట్రైబ్యునల్‌ను ఏర్పరచిన 2010 చట్టంలోనూ ఉంది. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం లీకై 12 మంది చనిపోయిన ఘటనలో, మర్నాడే ఆ ట్రైబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది.

బాధ కలిగించే విషయం ఒకటుంది. శ్రీరామ్ బాధితులకు మాత్రం ఆ తీర్పులో పైసా పరిహారం ఖరారు కాలేదు. కింది కోర్టుల్లో దావాలు వేసుకోవాల్సి వచ్చింది.

మెహతాకు గోల్డ్‌మన్, మెగసెసే, పద్మశ్రీ పురస్కారాలు వచ్చాయి. నన్ను ఆకట్టుకునేది ఆయన ఓపిక. ఢిల్లీ గాలి మీద పిటిషన్ 1985లో వేశారు. బస్సులు సీఎన్‌జీకి మారాలని 1998లో ఆదేశం వచ్చింది, మారేసరికి 2002. కోర్టు ఆ ఫైలు మూయకుండా వెంటపడింది కాబట్టే అది సాధ్యమైంది. గంగ విషయంలో అలా జరగలేదు. మురికినీటిని శుద్ధి చేయని కాన్పూర్ తోళ్ల పరిశ్రమలను మూసేయమని 1987లోనే ఆదేశించినా నది బాగుపడలేదు. ఏ కాలువలో ఏం కలుస్తోందో రోజూ చూడాల్సింది కాలుష్య నియంత్రణ మండలి, మున్సిపాలిటీ. జీతాలు తీసుకుంటున్న ఆ వ్యవస్థలు చేయాల్సిన పనిని ఒక్క లాయర్ దశాబ్దాలపాటు పిటిషన్లతో చేయించాల్సి రావడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.