సీసాలో ఏముందో చెప్పరు, తప్పు మాత్రం రైతుదంటారు

"రైతులు ఇష్టమొచ్చినట్టు మందులు కొడుతున్నారు" అని ఇంకెవరైనా నా ముందు అంటే ఊరుకోను. పొద్దున గుంటూరులో ఒక పురుగుమందుల కొట్లో గొడవపడి వచ్చాను. ఇంకా నా కోపం దిగలేదు.

మిరపకి పై ముడత (ఆకులు పైకి ముడుచుకుపోవడం) వచ్చిందని నాన్న నాలుగు ఆకులు కవర్లో వేసుకుని వచ్చాడు. కొట్టతను వాటి వంక సరిగా చూడను కూడా లేదు. ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "బయో మందు పెద్దాయనా, నాలుగు రోజుల్లో కొత్త ఇగురు వస్తుంది." తిప్పి చూశాను. పచ్చటి ఆకు బొమ్మ, పెద్ద అక్షరాలతో పేరు, అంతే. లోపల ఏ మందు ఉందో రాయలేదు. రిజిస్ట్రేషన్ నంబరు లేదు. విషం ఎంతో రంగును బట్టి తెలిపే త్రికోణం లేదు. ధర 1,400. బిల్లు అడిగితే "దీనికి బిల్లు ఉండదమ్మా" అన్నాడు. నేను గొంతు పెంచేసరికి నాన్న నా చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. ఆ కొట్లో మాకు పోయినేటి బాకీ ఉంది. బాకీ ఉన్నవాడు ఏం అడగగలడు?

పురుగుమందుల చట్టం 1968లోనే వచ్చింది. ఫరీదాబాద్‌లోని కేంద్ర కమిటీ రిజిస్టర్ చేయని మందు అమ్మకూడదు. దానికి దొరక్కుండా "బయో" అని పేరు మార్చేస్తే, 2021లో జీవ ఉత్తేజకాలను, అంటే మొక్క ఎదుగుదలకని అమ్మే ఇలాంటి సరుకును, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.01 భాగం) దాటకూడదన్నారు. మంచిదే. మరి ఈ సీసాను ఎవరు పరీక్ష చేశారు?

పోనీ, రిజిస్టర్ అయినవన్నీ మంచివా? యూరప్‌లో ఒక రసాయనానికి మొదటిసారి ఇచ్చే అనుమతి మామూలుగా పదేళ్లు దాటదు, ఆ తర్వాత మళ్లీ పరీక్షకు నిలబడాలి. మన దగ్గర రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కి గడువే లేదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు సంగతే చూడండి. కూరగాయల మీద వాడొద్దని 2005లో అన్నారు, పత్తికి మాత్రం అమ్మనిచ్చారు. పత్తి చేను గట్టు మీదే బెండ మొక్కలు వేసుకునే ఊళ్లలో ఆ గీత ఎవరు గీస్తారు? 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చచ్చిపోయారు. నూనెలో కలిసింది ఆ మోనోనే. అయినా ఆ తర్వాత పదేళ్ల దాకా దాన్ని ఆపలేదు. 2020లో 27 మందులు ఆపేస్తామని ముసాయిదా ఇచ్చారు. 2023లో ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా నిషేధించింది మూడే. పిల్లలు పోయాక కూడా ఇంత ఆలోచన దేనికి?

అసలు నా కడుపులో మంట ఇవాళ్టిది కాదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చింది. మిరప పువ్వు తెంపి అరచేతిలో దులిపితే నల్లగా, నలకల్లాగా పాకేవి. ఒక్క పువ్వులో పది, పదిహేను. ఏ మందు పనిచేస్తుందో చెప్పే నాథుడు లేడు. కొట్టతను ఏది ఇస్తే అది, మూడు రోజులకోసారి కొట్టాడు నాన్న. గోళ్లు పచ్చబడి, అన్నం కలుపుకుంటే చేతులు మండేవి. అమ్మే కలిపి పెట్టేది. సంక్రాంతికి ముందు తోట మొత్తం పీకేశాం. ఆ తర్వాత ఒక మీటింగులో ఒక పెద్ద మనిషి మైకు పట్టుకుని "రైతులకు అవగాహన లేదు" అన్నాడు. మూడో వరసలో మా నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. అది నేను మర్చిపోను. మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా అలా తల వంచుకునే ఉంటారు, నాకు తెలుసు.

ఇది రాస్తుండగా నాన్న ఫోన్ చేశాడు. నేను బస్సెక్కాక మళ్లీ ఆ కొట్టుకే వెళ్లి సీసా తెచ్చుకున్నాడట. రేపు తెల్లారే కొడతాడట. ముక్కుకి గుడ్డ కట్టుకో నాన్నా అన్నాను.

"బయోనే కదమ్మా" అన్నాడు.