పీస్ గులాబీ రంగు మారలేదు, చచ్చిపోయింది

"పీస్ అనే పసుపు గులాబీ అని తెచ్చినం, రెండేండ్లకు గుత్తులు గుత్తులుగ చిన్న పూలు పూస్తున్నది, నర్సరీవాళ్లు మోసం చేసిన్రు." నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు గులాబీలు పెంచే ఇండ్లల్ల ఈ మాట వింటే మనసు కలుక్కుమంటది. చాలాసార్లు మోసం నర్సరీది కాదు. పైన కట్టిన పీస్ అంటు చచ్చింది, దానికి వేరుగ కింద ఉన్న అడవి గులాబీ బతికింది. అంతే.

పీస్‌ను ఫ్రాన్స్‌ల ఫ్రాన్సిస్ మెయాన్ 1935లో చేసిన సంకరంల వచ్చిన ఒక్క మొలక నుంచి తీసిండు. తల్లి పేరు మీద మదామ్ ఎ. మెయాన్ అన్నడు. యుద్ధం ముంచుకొస్తున్న 1939లో దాని చిగురు వచ్చే కన్నులున్న కొమ్మలు జర్మనీ, ఇటలీ, అమెరికాలకు పోయినయి. ఎక్కడివాళ్లు అక్కడ పేరు పెట్టుకున్నరు, అందుకే జర్మనీల అది గ్లోరియా దేయి, ఇటలీల జోయా. అమెరికాల 1945 ఏప్రిల్ 29న పీస్ అని పేరు పెట్టిన్రు. ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య 1976లో హాల్ ఆఫ్ ఫేమ్‌ల మొదట చేర్చింది దీన్నే. గింజ వేస్తే పీస్ రాదు. మన వాకిట్ల ఉన్న పీస్ కూడ ఆ ఒక్క మొక్క కన్నే, చేతులు మారుకుంట వచ్చింది. దాన్ని కాపాడకుంటే ఎట్ల?

మొదలు దగ్గర వంగి చూడున్రి. అంటు కట్టిన చోట బుడిపె ఉంటది. బుడిపె పైనుంచి వచ్చే పీస్ ఆకు ముదురాకుపచ్చగ, దళసరిగ, నిగనిగలాడుతది. బుడిపె కింద నుంచి లేత రంగు సన్న ఆకులతోని, సరసర పెరిగే పిలక వస్తే అది అడవిది. కత్తెరతోని కోయొద్దు, కోస్తే మిగిలిన మోడు నుంచి మళ్ల నాలుగు లేస్తయి. మన్ను తీసి, మొదలంట కిందికి గుంజి చీల్చెయ్యాలె. నాటేటప్పుడే బుడిపె మన్నుకు రెండు అంగుళాలు పైన ఉండాలె.

కత్తిరింపు దసరా అయినంక, వానలు ఆగినంక. ఇక్కడనే ఎక్కువ మంది పీస్‌ను చంపుతున్నరు. వేరే గులాబీల లెక్క దీన్ని మోకాలి కిందికి నరకొద్దు. ఎత్తుల మూడో వంతు తీస్తే చాలు. బయటికి చూసే కన్నుకు పావు అంగుళం పైన ఏటవాలు కోత. కోసిన చోట నడిమి బెండు తెల్లగ ఉండాలె. గోధుమరంగు కనబడితే ఎండుతెగులు లోపలికి దిగినట్టు, తెల్లబెండు వచ్చేదాక ఇంకా కిందికి కోయాలె. కోతల మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద పూయాలె. నలభై అయిదు, యాభై రోజులకు పూలు.

చెల్కమన్ను మంచిదే, నీళ్లు ఇంకుతయి. రెండు పాళ్ల ఎర్రమన్నుకు ఒక పాలు బాగ చివికిన పెంటఎరువు, గుప్పెడు వేపపిండి. చిక్కు బోరు నీళ్లది. ఉప్పదనం, సున్నం ఉన్న నీళ్లు పోసుకుంట పోతే మన్నుల ఇనుము ఉన్నా వేరుకు అందదు; కొత్తాకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగ ఉంటయి. లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ రాకముందే ఆకుల మీద కొట్టాలె, వారానికోసారి, మూడుసార్లు. వానకాలం ఇంటి కప్పు నీళ్లు డ్రమ్ముల పట్టి పోస్తే ఈ తిప్పలు సగం తగ్గుతయి.