సవరణ: ‘స్మోక్ ఆన్ ది వాటర్’ రిఫ్ పాఠం

అనంతపురంలో గిటార్ నేర్చుకుంటున్నవాళ్ళ కోసం పెట్టిన పోస్టులో, బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ 1972 పాట రిఫ్‌ను (పాటలో మళ్ళీమళ్ళీ వచ్చే చిన్న స్వరవరుసను) అయిదో, ఆరో తీగల మీద పవర్ కార్డులతో (రెండు స్వరాలను కలిపి మోగించే పట్టులతో), పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్ళతో) కొట్టమని ఉంది. అది సరికాదు. ఇలా చదువుకోండి.

రిఫ్ అంతా మూడో, నాలుగో తీగల మీదే (లెక్క సన్నని తీగ నుంచి). రెంటినీ ఒకే ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డపట్టీ) దగ్గర నొక్కాలి, అంకెలు ఫ్రెట్ నంబర్లు: 0-3-5, 0-3-6-5, 0-3-5-3-0. సున్నా అంటే ఖాళీ తీగలు. మూడో ఫ్రెట్‌కు చూపుడువేలు అడ్డంగా, అయిదుకు ఉంగరంవేలు. ఆరుకు అదే వేలు జరిపితే చాలు.

కుడిచేతికి పిక్ వద్దు. బొటనవేలు నాలుగో తీగకు, చూపుడువేలు మూడో తీగకు పెట్టి రెండూ ఒక్కసారే లాగాలి. ఈ పాటకు బ్యాండ్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వాయించిందీ వేళ్ళతోనే. పిక్‌తో కొడితే ఒక తీగ ముందు, ఒకటి వెనక పలికి ఆ బిగువు పోతుంది. పవర్ కార్డులో స్వరాల దూరం పంచమం. ఇక్కడ దాన్ని తిరగేసిన చతుర్థం, అంటే మూలస్వరం కింద కాక పైన ఉంటుంది. అందుకే డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టినా ఆ గరుకుదనం వేరు.

ఎక్కువమంది తప్పేది ఖాళీ తీగల దగ్గర. మోగించాక ఆపకపోతే తర్వాతి స్వరంలోకి ఆ మోత పాకుతుంది. ఎడమచేతి వేళ్ళు మెత్తగా ఆనించి ఆపండి. ముందు మెట్రోనోమ్ (లయ చూపే పరికరం) నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టి, డిస్టార్షన్ లేకుండా వాయించండి. మన ఎండకు ఉక్కు తీగలు సాగి శ్రుతి దిగుతుంది, వాయించే ముందు ట్యూనర్ చూడండి.